మా తరగతిలో బి గ్రూపు ఎందుకు ఎక్కువ? మాస్టారికి ఒక బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ జవాబు

మాస్టారూ, నమస్కారం.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. రాజాం దగ్గర మీ హైస్కూల్లో పదో తరగతి పిల్లలకి రక్తం గ్రూపులు చూశారు. ఓ గ్రూపు అన్నిటికంటే ఎక్కువ వచ్చింది, తర్వాత బి, ఆ వెనక ఎ. ఇంటర్నెట్‌లో మీరు చూసిన విదేశీ పట్టికలో మాత్రం ఎ బాగా ఎక్కువ, బి నూటికి పది కూడా లేదు. అందుకని మీ పరీక్ష తప్పిందేమోనని అనుమానపడ్డారు. తరగతి మొత్తానికి నెగటివ్ ఒక్క పిల్లకే రావడం మామూలేనా అని కూడా అడిగారు. గ్రూపును బట్టి ఎవరు ఏ జాతో, ఏ కులమో చెప్పేయొచ్చని స్టాఫ్ రూములో ఒకాయన అన్నారట, అది నిజమా అన్నారు. వీటి మధ్యలో ఒక్క వాక్యం రాసి వదిలేశారు: ఒక పిల్లకి తండ్రిది ఎ, తల్లిది బి, పిల్లకి ఓ వచ్చింది, ఇంట్లో గొడవైంది అని.

శ్రీకాకుళంలో బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌గా 31 ఏళ్లు చేశాను. నాకు అన్నిటికంటే తొందర ఆ పిల్ల సంగతే. మిగతావి తర్వాత చూద్దాం.

ఆ తల్లిదండ్రుల్ని ఈరోజే పిలిచి చెప్పండి. ఎ తండ్రికీ బి తల్లికీ ఓ పిల్ల పుట్టడంలో వింత లేదు. నా కౌంటరు దగ్గరికి ఇలాంటి చీటీలు పట్టుకొని ఎంతమంది వచ్చారో లెక్కలేదు. ఒకసారి పొందూరు వైపు నుంచి ఒక పెద్దాయన మూడు చీటీలు వరసగా పేర్చి, "ఏటమ్మా ఇది, ఎ, బి కలిస్తే ఓ ఎలాగొస్తాది?" అని అడిగాడు. కోడలు వెనక తలొంచుకొని నిలబడి ఉంది. ఆ అమ్మాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అప్పుడు ఆయనకి కాగితం మీద గీసి చూపించిందే మీకూ చెప్తాను.

గ్రూపుని నిర్ణయించే జన్యువు ప్రతి మనిషిలో రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. రెండూ ఎ అయితే చీటీ మీద ఎ అని వస్తుంది. ఒకటి ఎ, ఇంకొకటి ఓ అయినా ఎ అనే వస్తుంది. ఓ అనేది ఎర్రకణం మీద ఏ గుర్తూ పెట్టలేని జన్యువు కాబట్టి పక్కన ఎ ఉంటే అది బయటికి కనిపించదు. బి సంగతీ అంతే. అలా లోపల ఓ దాచుకున్న ఎ తండ్రి, లోపల ఓ దాచుకున్న బి తల్లి, ఇద్దరూ దాచుకున్నదే ఇస్తే పిల్ల ఓ అవుతుంది.

ఇలా దాచుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారన్నదే మీ అసలు ప్రశ్నలోకి దారి. మన వైపు ఓ గ్రూపు వాళ్లు సుమారు నూటికి 40 మంది. ఓ గ్రూపు మనిషి కావాలంటే రెండు ప్రతులూ ఓ కావాలి గనక, 0.40కి వర్గమూలం తీస్తే మన జనంలో ఓ జన్యువు వాటా వస్తుంది. అది 0.63 దాకా ఉంటుంది. అంటే గ్రూపు నూటికి నలభైలోనే కనిపించినా, జన్యువుల్ని లెక్కపెడితే మూడింట రెండు వంతులకి దగ్గరగా ఓ నే. ఇదే లెక్క ముందుకి తీసుకెళ్తే మన దగ్గర ఎ గ్రూపు వాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది దాకా లోపల ఓ ఉన్నవాళ్లే, బి వాళ్లలోనూ కాస్త అటూఇటూగా అంతే. ఆ రెండు వాటాల్నీ గుణించి, నాలుగో వంతు తీసుకోండి. ఎ, బి దంపతులకి పుట్టే పిల్లల్లో దాదాపు ఐదుగురికి ఒకరు ఓ అవుతారు. ఐదింట ఒకటి జరిగే దానికి ఒక ఆడమనిషిని నిలదీస్తారా? ఆ ఇంట్లోవాళ్లకి ఈ మాట మీరు గట్టిగా చెప్పాలి. మాస్టారు చెప్తే వింటారు.

ఇంకో సంగతి కూడా పాఠంలో చేర్చండి. ఓ అణిగి ఉండే గుణం కాబట్టి తరాలు గడిచేకొద్దీ తగ్గిపోవాలి కదా అని చాలామంది టీచర్లే నన్ను అడిగారు. అణిగి ఉండటం వేరు, తగ్గిపోవడం వేరు. పక్కన ఎ ఉంటే కనిపించదు, అంతే. తర్వాతి తరానికి మాత్రం తన వంతు తాను వెళ్తూనే ఉంటుంది. దక్షిణ అమెరికా ఆదివాసుల్లో దాదాపు అందరూ ఓ నే. అణిగి ఉండే జన్యువే అక్కడ మొత్తం జనం అయిపోయింది.

ఇప్పుడు మీ పట్టిక దగ్గరికి వద్దాం. మీ పరీక్ష తప్పలేదు. మీరు పక్కన పెట్టుకున్న పట్టిక మన ఊరిది కాదు, అంతే తేడా. మన తెలుగు జిల్లాల్లో ఓ 40 దగ్గర, బి 30 పైన, ఎ 20 పైన, ఎబి ఆరో ఏడో. ఉత్తర భారతంలో చాలాచోట్ల బి ఓ తో పోటీపడుతుంది, కొన్నిచోట్ల దాటిపోతుంది కూడా. ఇంగ్లండులో ఎ నూటికి 40 దాటి, బి పదికి లోపు ఉంటుంది. జపానులో ఎ 40, ఓ 30, బి 20, ఎబి 10, ఇలా మెట్లు దిగినట్టు ఉంటాయి. నార్వే, స్వీడన్ వైపు ఎ ఇంకా ఎక్కువ. బి ప్రపంచంలో అన్నిటికంటే దట్టంగా ఉన్నది మన దేశం ఉత్తర భాగంలోనూ మధ్య ఆసియాలోనూ. అమెరికా ఆదివాసుల్లో, ఆస్ట్రేలియా ఆదివాసుల్లో బి దాదాపు లేనే లేదు.

ఈ తేడాని మొట్టమొదట లెక్కగట్టి చూపించిన కథలో మన సైనికులున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో గ్రీసు దేశం సలోనికా రేవులో నానా దేశాల సైన్యాలూ దిగి ఉన్నాయి. ఇంగ్లిషువాళ్లు, ఫ్రెంచివాళ్లు, సెర్బులు, రష్యన్లు, సెనెగల్ నుంచి వచ్చిన నల్లజాతివాళ్లు, బ్రిటిషు సైన్యంలో ఉన్న భారతీయులు. పోలండుకి చెందిన లుద్విక్ హిర్ష్‌ఫెల్డ్, ఆయన భార్య హన్నా, ఇద్దరూ డాక్టర్లే, అక్కడ సెర్బియా సైన్యానికి వైద్యం చేస్తూ, ఎనిమిది వేలమందికి పైగా మనుషుల రక్తం పరీక్షించారు. 1919లో లెక్కలు అచ్చువేశారు. ఇంగ్లిషు సైనికుల్లో ఎ నూటికి 43, బి 7. భారతీయ సైనికుల్లో ఎ 19, బి 41. లాండ్‌స్టైనర్ వియన్నాలో గ్రూపులు కనిపెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా కాలేదు. తరగతిలో మీకు కనిపించిందే వంద ఏళ్ల కిందట ఆ దంపతులకీ కనిపించింది. ఇది పిల్లలకి తప్పకుండా చెప్పండి, వాళ్ల చేతిలోని చీటీ ఎంత పెద్ద కథలో ముక్కో తెలుస్తుంది.

అయితే హిర్ష్‌ఫెల్డ్‌లు అక్కడి నుంచి ఒక ఊహ చేశారు, అది నిలవలేదు. ఎ యూరపులో పుట్టిందని, బి భారతదేశంలో పుట్టి పడమటికి పాకిందని అనుకున్నారు. మన దగ్గర ఇప్పటికీ ‘బి మన దేశపు గ్రూపు’ అనేవాళ్లున్నారు. చింపాంజీల్లో ఎ, ఓ గ్రూపులున్నాయి. గొరిల్లాల్లో బి ఉంది. మనకీ గిబ్బన్లకీ పూర్వీకుడు ఒకడే అయిన కాలం నుంచి, అంటే కనీసం రెండు కోట్ల ఏళ్ల నుంచి, ఎ, బి తేడా నడుస్తూ వస్తోందని జన్యు పరిశోధనలో తేలింది. ఏ దేశమూ పుట్టకముందే గ్రూపులు పుట్టాయి. దేశాలకి వచ్చింది పాళ్లు మాత్రమే.

ఆ పాళ్లు ఎందుకు మారతాయి? నాకు తెలిసినంతలో పెద్ద కారణాలు రెండు, కదలిక ఒకటి, జబ్బు ఒకటి.

కదలిక గురించి చెప్పడానికి పలాస జీడిపప్పు గుర్తు తెచ్చుకోండి. గుళ్లు, బద్దలు, ముక్కలు కలిసిన బస్తాలోంచి పెద్ద తట్టతో తీస్తే తట్టలో పాళ్లు బస్తాలో ఉన్నట్టే ఉంటాయి. గుప్పెడు తీస్తే మాత్రం ఒకసారి గుళ్లు ఎక్కువ రావచ్చు, ఒకసారి ఒక్క ముక్కా రాకపోవచ్చు. ఆ గుప్పెడే విత్తనమై కొత్త బస్తా తయారైందనుకోండి, గుప్పెట్లో రానిది ఇక ఆ బస్తాలో ఉండదు. ఈశాన్య ఆసియా నుంచి అమెరికా ఖండాలకి వెళ్లిన తొలి గుంపులు అలాంటి గుప్పెళ్లు. అందుకే అక్కడ బి లేదు, దక్షిణాన ఎ కూడా లేదు. ఉత్తర అమెరికాలో బ్లాక్‌ఫుట్ తెగలో మాత్రం ఎ చాలా ఎక్కువ, అది ఇంకో గుప్పెడు. మన సీతంపేట, పార్వతీపురం కొండల్లో కూడా ఇదే జరుగుతుంది. నాలుగైదు కుటుంబాలు కొండవాలులో కొత్త గూడ కట్టుకుంటాయి. మూడు తరాల తర్వాత ఆ గూడలో గ్రూపులు చూస్తే పక్క గూడతో పొంతన ఉండకపోవచ్చు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆంత్రోపాలజీ శాఖవాళ్లు మన్యం తెగల్లో ఏళ్ల తరబడి రక్త నమూనాలు సేకరించి చదివింది ఇలాంటి తేడాల్నే. మీ తరగతిలో నలభై యాభై మందే కాబట్టి అదీ ఒక గుప్పెడే. అందులో అన్నదమ్ముల పిల్లలు, ఒకే వీధి చుట్టాలు కూడా ఉంటారు. వచ్చే ఏడు బ్యాచిలో ఎ ఒక పది ఎక్కువ వచ్చినా కంగారుపడొద్దు.

జబ్బు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది, మన ఏజెన్సీకి బాగా దగ్గర కూడా. ఫాల్సిపారం మలేరియా క్రిమి దూరిన ఎర్రకణం చుట్టూ మంచి కణాలు పువ్వు రేకుల్లా అతుక్కొని, సన్నటి రక్తనాళాల్లో దారి మూసేస్తాయి. మనిషి స్పృహ తప్పేదాకా తీసుకెళ్లే మలేరియాలో ఇదొక భాగం. ఎ, బి గుర్తులుంటే ఈ అతుకు గట్టిగా ఉంటుంది, ఓ కణాల్లో వదులుగా ఉంటుంది. అందుకే ఓ వాళ్లకి మలేరియా రాకుండా పోదుగానీ ప్రాణం మీదికి తెచ్చే రకం తక్కువ. కలరా దగ్గరికి వచ్చేసరికి తలకిందులు. కలరా సోకితే ఓ వాళ్లకే ఎక్కువ ముదురుతుంది. కలరా తరతరాలుగా ఉన్న గంగ డెల్టాలో ఓ పాలు తక్కువగా ఉండటానికి ఇది కారణమని పరిశోధకులు అంటారు. ఒక జబ్బుకి పనికొచ్చిన గ్రూపు ఇంకో జబ్బుకి చేటైతే, ఏ ఒక్కటీ మిగతావాటిని పూర్తిగా తుడిచెయ్యలేదు.

జబ్బు జనం రక్తాన్ని ఎంత మార్చగలదో డఫీ అనే గ్రూపులో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చీటీ మీద రాసే ఎ, బి, ఓ, పాజిటివ్, నెగటివ్‌లతో గ్రూపులు అయిపోవు. నలభైకి పైగా వ్యవస్థలున్నాయి, మన దేశంలో మొదట కనిపించినందుకు ‘ఇండియన్’ అనే పేరే పెట్టిన వ్యవస్థ కూడా వాటిలో ఉంది. ఈ డఫీ గుర్తు పశ్చిమ ఆఫ్రికాలో దాదాపు ఎవరి ఎర్రకణాల మీదా ఉండదు. వైవాక్స్ మలేరియా క్రిమి కణంలోకి దూరడానికి వాడుకునే గుమ్మం అదే. 1976లో అమెరికాలో లూయిస్ మిల్లర్ బృందం దీన్ని బయటపెట్టింది. మన జనంలో దాదాపు అందరికీ ఆ గుమ్మం తెరిచే ఉంది. మన్యంలో చలిజ్వరం చీటీల మీద ఫాల్సిపారంతో పాటు వైవాక్స్ కూడా కనిపిస్తుంది, పశ్చిమ ఆఫ్రికాలో వైవాక్స్ చాలా అరుదు. తేడా ఈ గుమ్మం దగ్గరే ఉంది.

ఇక మీ స్టాఫ్ రూము మాట. ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. గ్రూపు చూసి కులం చెప్పలేరు, జాతి చెప్పలేరు. ఒక కులంలో బి నూటికి 30, ఇంకో కులంలో 34 ఉండొచ్చు. కానీ నా ముందున్న ట్యూబులో బి ఉంటే అది ఆ 30 లోదా, ఈ 34 లోదా ఎవరు చెప్తారు? శాతం గుంపుది, గ్రూపు మనిషిది. 1972లో రిచర్డ్ లెవాంటిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, రక్తం గ్రూపులూ రక్తంలోని ప్రోటీన్లూ కలిపి పదిహేడు జన్యువుల లెక్క తీశాడు. మనుషుల మధ్య ఉన్న తేడాలో 85 శాతం ఒక్కో జనం లోపలే ఉందని తేలింది. అంటే మీ ఊళ్లో ఒకే వీధి ఇద్దరి మధ్య ఉండే తేడానే ఎక్కువ, ఊరికీ ఊరికీ, దేశానికీ దేశానికీ మధ్య ఉన్నది కొంచెం. దీన్ని పట్టించుకోకుండా జర్మనీలో 1920ల నుంచి కొందరు, బి గ్రూపుని తూర్పు దేశాల తక్కువ జాతి రక్తమని ప్రచారం చేశారు. సలోనికాలో లెక్కలు తీసిన ఆ హిర్ష్‌ఫెల్డ్ యూదు కుటుంబంలో పుట్టినవాడు. నాజీలు ఆయన్ని భార్యా కూతురితో సహా వార్సాలో యూదుల వాడలో బంధించారు. అక్కడ కూడా వైద్య విద్యార్థులకి పాఠాలు చెప్పి, చివరికి తప్పించుకొని బతికాడు. ఆ రోజుల్లోనే కూతురు పోయింది. స్టాఫ్ రూములో ఆ మాట మళ్లీ వస్తే, ఆ కూతురి సంగతి చెప్పండి.

నా కౌంటరు దగ్గర కూడా ‘మా వాళ్ల రక్తమే కావాలి’ అన్నవాళ్లు వచ్చారు. గ్రూపు కలిసి, క్రాస్ మ్యాచ్ (ఇచ్చేవాళ్ల రక్తాన్నీ ఎక్కించుకునేవాళ్ల రక్తాన్నీ ముందే కలిపి చూసే పరీక్ష) నిలిస్తే ఎవరిదైనా ఒకటే. ఫ్రిజ్‌లో బ్యాగు మీద నంబరు ఉంటుంది, గ్రూపు ఉంటుంది, గడువు తేదీ ఉంటుంది. ఇచ్చిన మనిషి కులం రాసే గడి లేదు.

నెగటివ్ సంగతి. మన దగ్గర ఆర్‌హెచ్ నెగటివ్, అంటే ఎర్రకణం మీద డి అనే గుర్తు లేనివాళ్లు, నూటికి ఐదు దగ్గర. నలభై యాభై మందిలో ఒకరో ఇద్దరో ముగ్గురో రావడం మామూలే. యూరపులో నూటికి 15, స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దు కొండల్లో ఉండే బాస్క్ ప్రజల్లో 30 దాకా. జపాన్, చైనాల్లో ఒకటి కూడా లేదు. ఈ అంకెలు పుస్తకంలో చదివితే వింతగా ఉంటాయి, రాత్రి రెండింటికి ఫోను మోగితే తెలుస్తుంది వాటి బరువు. మన పాళ్లు గుణించి చూడండి. ఓ 40, నెగటివ్ 5 అంటే ఓ నెగటివ్ నూటికి ఇద్దరు. బి నెగటివ్ నూటికి ఒకటిన్నర. ఎ నెగటివ్ నూటికి ఒకరు. ఎబి నెగటివ్ వెయ్యికి ముగ్గురో నలుగురో. ఇంగ్లండులో ఓ నెగటివ్ నూటికి ఏడెనిమిది మంది దొరుకుతారు కాబట్టి, యాక్సిడెంటు కేసు రాగానే గ్రూపు చూడకుండా అదే ఎక్కించడం వాళ్లకి కొంతవరకు సాగుతుంది. ఆ పద్ధతిని మనం మక్కీకి మక్కీ తెచ్చుకుంటే ఉన్న నాలుగు బ్యాగులూ ఒక్క రాత్రిలో అయిపోయి, తెల్లారి నిజంగా నెగటివ్ అయిన బాలింతకి ఏమీ మిగలదు. మన దగ్గర తొందర కేసులో మగవాళ్లకి, పిల్లలు పుట్టే వయసు దాటిన ఆడవాళ్లకి ముందు ఓ పాజిటివ్ మొదలుపెట్టి, ఈలోపు గ్రూపు చూసుకోవడం నయం. డాక్టరు చూసి నిర్ణయించాల్సిన విషయమే, కానీ నిర్ణయం మన పాళ్లకి తగ్గట్టు ఉండాలి.

మీ తరగతిలో నెగటివ్ వచ్చిన ఆ పిల్ల గురించి ఒక్కటే జాగ్రత్త. స్లైడ్ మీద డి దగ్గర ఏమీ రాలేదని నెగటివ్ రాసేయకండి. డి గుర్తు బలహీనంగా ఉండేవాళ్లు ఉంటారు, బ్లడ్ బ్యాంకులో ట్యూబు పద్ధతిలో మళ్లీ చూపించాలి. నెగటివ్ అని ఖాయమైతే వాళ్లమ్మని కూర్చోబెట్టి చెప్పండి. ఈ పిల్ల పెద్దయ్యి, పెళ్లయ్యి, కడుపుతో ఉన్నప్పుడు భర్త పాజిటివ్ అయితే 28వ వారంలో, బిడ్డ పాజిటివ్ రక్తాన్ని తల్లి ఒళ్లు శత్రువుగా చూడకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ ఒకటి, పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల్లోపు ఇంకొకటి పడాలి. గర్భం పోయినా వెయ్యాలి. మొదటి బిడ్డకి ఏమీ కాదు కదా అని వదిలేస్తే రెండో బిడ్డకి పచ్చకామెర్లు, రక్తం విరిగిపోవడం, కొన్నిసార్లు కడుపులోనే పోవడం. ఇలాంటి జంటలు మన దగ్గర నూటికి ఐదు, యూరపులో పదమూడు. వాళ్లకి పదమూడు కాబట్టి అందరికీ తెలుసు. మనకి ఐదే కాబట్టి మరిచిపోతాం. ఆ ఐదుగురి కోసమే ఇంత గట్టిగా చెప్తున్నాను.

చివరగా మీరు అడగని సంగతి ఒకటి. మన జిల్లాల్లో ఉండి గ్రూపుల గురించి మాట్లాడుతూ మేనరికం మాట ఎత్తకపోతే జవాబు సగమే అవుతుంది.

మేనరికంవల్ల జనంలో ఎ ఎంత, బి ఎంత అన్న పాళ్లు పెద్దగా మారవు. మారేది ఎక్కడంటే, అరుదైన జన్యువు రెండు ప్రతులూ ఒకే మనిషిలో కలిసే అవకాశం దగ్గర. నూటికి ఒక్క ప్రతిగా ఉన్న అరుదైన జన్యువు తీసుకోండి. చుట్టరికం లేని పెళ్లిళ్లలో అది రెండు ప్రతులుగా కలిసేది పదివేలమంది పిల్లల్లో ఒకరికి. మేనబావ, మేనమరదలు చేసుకుంటే పదివేలకి ఏడుగురు. మేనమామ మేనకోడల్ని చేసుకుంటే పదమూడుగురు. పదమూడు రెట్లు.

ఈ లెక్క నా చేతుల మీదుగానే నడిచింది ఒకసారి. వంశధార ఒడ్డు ఊరి నుంచి నిండు గర్భిణి వచ్చింది, హిమోగ్లోబిన్ ఆరు. టైల్ మీద మూడు చుక్కల రక్తం వేసి, ఆయా గుర్తులున్న కణాల్ని గింజకట్టించే యాంటీ సీరం చుక్కలు, నీలం రంగు యాంటీ-ఎ ఒకదానిలో, పసుపు యాంటీ-బి ఒకదానిలో, రంగు లేని యాంటీ-డి మూడోదానిలో కలిపాను. మొదటి రెండూ నున్నగా ఉన్నాయి, మూడోది పాలు విరిగినట్టు గింజలు కట్టింది. ఓ పాజిటివ్. ఫ్రిజ్ నిండా ఓ పాజిటివ్ ఉంది, హాయిగా అనుకున్నాను. క్రాస్ మ్యాచ్ పెట్టిన మొదటి బ్యాగు కలవలేదు. ట్యూబు తిప్పి మెల్లగా తడితే అడుగున కణాలు పొగలా లేచి కలిసిపోవాలి. అవి కుంకుమ బొట్టులా ఒక్క ముద్దగా నిలిచిపోయాయి. రెండోది, మూడోది, ఆరో బ్యాగు దాకా అంతే. అప్పుడు ఆమె సీరంని (కణాలు తీసేశాక మిగిలే రక్తపు తేటని) మా దగ్గరున్న ఓ కణాలతో కలిపి చూశాను. ఓ కణాలు మామూలుగా ఎవరి సీరంతోనూ ముద్దకట్టకూడదు. కట్టాయి.

అది బాంబే గ్రూపు. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం మొదట గుర్తించింది కాబట్టి ఆ పేరు. ఎ, బి గుర్తులు రెండూ హెచ్ అనే పునాది మీద లేస్తాయి. ఓ వాళ్లకి పునాది ఉండి గోడ ఉండదు. బాంబే వాళ్లకి పునాదే ఉండదు. టైల్ మీద అచ్చం ఓ లా కనిపిస్తారు, కానీ ఓ రక్తం ఎక్కిస్తే వాళ్ల ఒళ్లు దాన్ని శత్రువుగా చూసి విరిచేస్తుంది. మన దేశంలో పదివేలకి ఒకరు ఉంటారని అంచనా. యూరపులో ఇంకా ఎంతో అరుదు. ఒడిశాలో కొన్ని ఆదివాసీ తెగల్లో కూడా దీన్ని గుర్తించారు.

ఆమె అమ్మానాన్నలు ఏమవుతారని అడిగాను. "మా అమ్మకి మా నాన్న సొంత మేనమామే" అంది. తోబుట్టువులున్నారా అంటే ఒక్క తమ్ముడు, హైదరాబాద్‌లో మేస్త్రి పనిలో ఉన్నాడంది. ఒక బిడ్డకి బాంబే వచ్చిందంటే ఆ జన్యువు తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్నట్టే, కాబట్టి మిగతా బిడ్డల్లో ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం. ఫోను చేశాం. కుర్రాడు రాత్రి రైలెక్కి తెల్లారేసరికి ఆమదాలవలసలో దిగి, ముఖం కూడా కడుక్కోకుండా వచ్చి చెయ్యి చాపాడు. అతనికీ అదే గ్రూపు. అక్క నమూనా విశాఖ పంపి ఖాయం చేసుకున్నాం. తమ్ముడి బ్యాగు క్రాస్ మ్యాచ్ పెట్టి తడితే కణాలు పొగలా లేచాయి. ఆ పొగ చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఆమెకి ఆడపిల్ల పుట్టింది. అక్కకీ తమ్ముడికీ గ్రూపు రాసిన కార్డులు ప్లాస్టిక్ కవరులో పెట్టించి, పర్సులో ఎప్పుడూ ఉంచుకోమని చెప్పాను.

అందుకే స్లైడ్ పరీక్షని ఆఖరి మాటగా తీసుకోవద్దని పదేపదే అంటాను. మీ పిల్లలకి ఇచ్చిన చీటీల మీద ‘చికిత్సకి ముందు మళ్లీ పరీక్షించాలి’ అని ఒక్క ముక్క రాయించండి. యాంటీ సీరం సీసాలు స్కూలు బీరువాలో కాదు, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉండాలి. కలిపాక రెండు నిమిషాల్లోపే చూడాలి, అంచులు ఆరిపోతే అవి కూడా గింజల్లా కనిపించి మోసం చేస్తాయి. మీకు ఎబి అని వచ్చినవాటిలో ఒకటి రెండు ఇలా ఆరిపోయినవి కావచ్చు, వాటిని మళ్లీ చూడండి. నెగటివ్ పిల్ల పేరు, ఆ ఇంట్లో ఇంకెవరైనా నెగటివ్ ఉంటే వాళ్ల వివరాలు, వాళ్ల ఒప్పుదలతో ఒక పుస్తకంలో రాసి దాచండి. పిల్ల రక్తం ఇవ్వడానికి 18 నిండాలి, ఈలోపు పెదనాన్నో మేనత్తో పనికొస్తారు.

వచ్చే నెల రెండో శనివారం తర్వాత నాకు ఖాళీయే. ట్యూబులు, తెలిసిన గ్రూపుల కణాలు ఐస్ పెట్టెలో పెట్టుకొని రాజాం వస్తాను. ఆ ఎ, బి దంపతుల్ని కూడా ఆరోజు స్కూలుకి రమ్మనండి. వాళ్ల ముగ్గురి రక్తం వాళ్ల కళ్ల ముందే మళ్లీ చూద్దాం.